దూరం నిలబడి చూసుడు

మా దిక్కు సముద్రం లేదు. కరీంనగర్‌కు గోదావరి ఉంది, మానేరు ఉంది. ఆదిలాబాద్‌కు ప్రాణహిత, పెన్‌గంగ, కడెం ఉన్నయి. ఎండకాలం వాటిల్ల నీళ్లకంటె ఇసుకే ఎక్కువ. సముద్రం మాకు బడి పుస్తకంల ఉండేది, ఉప్పు రూపంల ఇంట్ల ఉండేది. సెలవు అనేది గూడ మా వాడల లేదు. ఆ మాట నేను బడికి పోయినంకనే విన్న. మా బాపుకు, మా అవ్వకు పని దొరకని దినాలుండేవి. ఆ దినాలల్ల మా ఇంటి పొయ్యి గూడ సెలవు పెట్టేది.

అట్లాంటి ఇంట్ల పుట్టిన నేను 2023 ఎండకాలం సెలవుల్ల మా అవ్వను, సహచరిని, బిడ్డను తీసుకొని సముద్రపొడ్డుకు పోయిన. అక్కడ రాకెట్ లేవంగ చూసిన. ఈ ముచ్చట చెప్పాలంటే ముందుగాల మా ఊరి ఆకాశం గురించి చెప్పాలె.

మాది అప్పటి కరీంనగర్ జిల్లా జగిత్యాల తాలూకాల ఒక ఊరు. మాదిగవాడ చెరువుకట్ట కింద, ఊరికి ఒక కూతవేటు దూరంల. మా తాత తోలు ఊనుతుండె. మా బాపు తోలుపని, కైకిలి, డప్పు మూడూ చేసేటోడు. 1978 సెప్టెంబర్‌ల జగిత్యాలల జైత్రయాత్ర జరిగింది. పల్లెలన్ని కదిలినయి. అక్టోబర్‌ల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. చానమంది దొరలు గడీలకు తాళాలేసుకొని పట్నాలకు పోయిండ్రు. ఊర్లల్ల పోలీసు క్యాంపులు దిగినయి. అసొంటి కాలంల, 1979 వానకాలం మొదట్ల, ఆకాశం నుంచి ఇంకో భయం దిగింది. దాని పేరు స్కైలాబ్.

అమెరికావాళ్లు 1973 మే 14న ఆకాశంల నిలబెట్టిన ప్రయోగశాల అది. 70 టన్నులకు మించిన బరువు. అది కక్ష్య తప్పి దిగజారుతున్నది, ఎక్కడ పడేదీ తెల్వదు అని రేడియోల చెప్పిండ్రు. మా దిక్కు మాత్రం అది కరీంనగర్ మీదనే పడ్తదని జనం ఖాయం జేసుకున్నరు. ఎందుకట్ల అనుకున్నరో ఇప్పటికీ ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్తరు. ఎట్లాగూ సస్తం గదా అని కోళ్లు కోసుకున్నరు, మేకలు కోసుకున్నరు, ఉద్దెర పెట్టి కల్లు తాగిండ్రు. బాకీలు ఉన్నోళ్లు నవ్విండ్రు, బాకీలు రావాల్సినోళ్లు ఏడ్చిండ్రు. మా ఇంట్ల ఒక ఈనే మేక ఉండె. బాపు కోద్దామన్నడు. అవ్వ కొయ్యనియ్యలే.

"పడ్తె అందరం పోతం. పడకపోతె మేక గావాలె గద" అన్నది.

ఆ దినాల్లనే ఒక పొద్దుమూకి సుంకరి మా వాడకు వచ్చి, పోలీసు పటేలు రమ్మంటున్నడని బాపును పిలుచుకపోయిండు. దండోర ఎయ్యాలె. బాపు డప్పు కాపుకొని బయలెల్లిండు. నేను ఎనిమిదేండ్ల పోరన్ని, ఎన్కాల పోయిన. వానతుంపర పడుతున్నది, డప్పు మాటిమాటికి మెత్తవడుతున్నది. దొరికిన కాడల్ల గడ్డి అంటువెట్టి కాపుకుంట నడిసిండు.

"వినుండ్రయ్యో వినుండ్రి! ఆకాశం మీదికెల్లి ఇనుపది పడ్తదట! రాత్రిపూట ఎవ్వలు బయట పండొద్దట! పసులను బయట కట్టెయ్యొద్దట! అందరు ఇండ్లల్లనే ఉండాల్నట!"

దండోరల ప్రతి మాట చివర ఆ 'అట' తప్పకుండ ఉంటది. గొంతు మాదిగోనిది, మాట ఇంకొగరిది. మంచైనా చెడైనా ఆ మాటకు డప్పు కొట్టెటోడు జిమ్మెదారు కాదు, హక్కుదారు గూడ కాదు. నేను తెలుగు పంతులునై వ్యాకరణం చెప్పేటప్పుడు ఈ 'అట' గురించి పుస్తకంల ఉన్నదాని కంటె ఎక్కువ చెప్పగలుగుతున్న అంటె, అది మా బాపు డప్పు పెట్టిన బిచ్చమే.

ఊరంత తిరిగిండు బాపు. బంగ్ల ఇండ్లు, పెంకుటిండ్లు, అన్నిటి ముందు ఆగి చెప్పిండు. వాళ్లు విని తలుపులు ఏసుకున్నరు. అన్ని వాడలు తిరిగేసరికి మస్తు రాత్రయింది. అందరిని లోపలుండుమని చెప్పినోడు ఒక్కడే ఆకాశం కింద మిగిలిండు, ఎన్క నేను. మా గుడిసె మీద ఉన్నది తాటికమ్మ. ఇనుపది పడ్తె అది ఆపుతదా అని నేనడిగితే బాపు నవ్విండు. ఆ రాత్రి తిరిగినందుకు సోలెడు జొన్నలు ఇచ్చిండ్రు.

జులై 11 రాత్రి అది హిందూ మహాసముద్రంల, ఆస్ట్రేలియా పడమటి దిక్కు నేలమీద తునకలై పడ్డది. ఎస్పరెన్స్ అనే ఊరోళ్లు చెత్త పారబోసినందుకు అమెరికాకు 400 డాలర్ల జుర్మానా ఏసిండ్రు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, అసూయ గూడ అయింది. తమ నేల మీద పెద్దోడు చెత్తేస్తే జుర్మానా రాసిచ్చే ఊరు గూడ ఉంటదన్నమాట. మా ఊర్లె తెల్లారి అందరు లేచిండ్రు. మేకలు లేవు, బాకీలున్నయి. మా మేక ఉంది.

ఇగ నెలకే ఇంకోటి పడ్డది. అది మా దిక్కు ఎవరికి తెల్వదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మన దేశం సొంతంగ చేసిన ఎస్ఎల్వీ-3 లేచి, కాసేపటికే బంగాళాఖాతంల కూలింది. మళ్ల ఏడాది, 1980 జులై 18న, అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యల పెట్టింది. దానికి నాయకత్వం వహించింది రామేశ్వరం పడవలోళ్ల ఇంటి అబ్దుల్ కలాం. ఊర్లె చాయ్ హోటల్ రేడియోల ఆ వార్త విన్న. రెండు గిలాసల హోటల్ అది. మేం బయట నిలబడి వినేది. తర్వాత పంచాయతి ఆఫీసుకు టీవీ వచ్చింది. ఆ బొమ్మలు ఇన్సాట్-1బి నుంచి వస్తయని సారు చెప్పిండు. అది శ్రీహరికోట నుంచి లేవలే, 1983 ఆగస్టు 30న అమెరికావాళ్ల ఛాలెంజర్ నౌకల పోయింది. అమెరికా నుంచి లేచి ఆకాశం మీదుగ మా ఊరిదాక వచ్చిన బొమ్మ, పంచాయతి గడప దాటి మాదిగ పిల్లల కాడికి రాలేకపోయింది. మేం కిటికీ చువ్వల బయటినుంచి చూసినం.

సదువుకున్న. సంఘాలల్ల తిరిగిన. పంతులు నౌకరి వచ్చింది. ఉట్నూరు దిక్కు గోండు గూడేలల్ల చాన ఏండ్లు చెప్పిన. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. నేను నౌకరిల చేరిననాడు గూడ ఆ ముచ్చట పెద్దమనుషులు గొంతు తగ్గించే చెప్పేది. అక్కడ ఒకనాడు శ్రీహరికోట పాఠం చెప్తున్న. రాకెట్లకు ఆ దీవినే ఎందుకు ఎంచుకున్నరంటె కారణాలు రాసి ఉన్నయి. తూర్పు తీరం, భూమి తిరిగే దిక్కుకు ఎగరేస్తే ఆ వేగం రాకెట్‌కు కలిసొస్తది. భూమధ్యరేఖకు దగ్గర. విరిగి పడ్తె కింద సముద్రమే. నాలుగోది, జనం పెద్దగ లేరు.

వెనక బెంచీల కూసున్న ఒక గోండు పిలగాడు లేచిండు. "పెద్దగ లేరంటె ఎవలో ఉండిరి గద సార్, ఎవలు?" అని అడిగిండు.

అడవిల మనుషులు లేరు అనే మాట వాళ్లకు కొత్త గాదు. వాళ్ల తాతలకాలంల అటవీ హద్దు పెట్టినోళ్లు అదే మాట చెప్పిండ్రు. జోడేఘాట్‌ల కుమ్రం భీం చచ్చిపోయింది ఆ మాటకు ఎదురు తిరిగే. అందుకే ఆ పోరనికి సందేహం వచ్చింది. నేను చెప్పిన ఏ పాఠంల గూడ జవాబు లేదు. వెతుక్కున్న. యానాదులు.

యానాదులు నెల్లూరు దిక్కు ఆదివాసులు. షెడ్యూల్డు తెగల జాబితాల ఉన్నరు. శ్రీహరికోట అడవిల గడ్డలు తవ్వుకొని, తేనె తీసుకొని, పులికాట్ల చేపలు పట్టుకొని, కట్టె కొట్టుకొని బతికిండ్రు. ఆ కట్టె మద్రాసు పొయ్యిలకు పోయేది. ఏ చెట్టు ఏ రోగానికి పనిచేస్తదో వాళ్లకు ఎరుక. బ్రిటిషోళ్ల ఏలుబడిల నేరస్త జాతుల చట్టం యానాదుల మీద గూడ పడ్డది. నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య వాళ్ల నడుమ పనిచేసి, 1962ల యానాదుల మీద ఇంగ్లీషుల పుస్తకమే అచ్చేసిండు. రాకెట్ల కోసం దీవిని ఎంపిక జేసింది 1969ల. అంటె జనం పెద్దగ లేరు అని అనుకునేటందుకు ఏడేండ్ల ముందుగానే ఆ జనం మీద పుస్తకం ఉంది. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్ లేచింది. దీవి మీది ఊర్లు కదిలినయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం జరిగిందని పేపర్లన్ని రాసినయి. రాకెట్లకు ఒకటి నుంచి నూరు దాక వరుస లెక్క ఉంది.

తుంబ కథ మాత్రం అందరికి తెలుసు. కేరళ తీరంల జాలర్ల పల్లె, అక్కడి మేరీ మాగ్దలీన్ చర్చి రాకెట్ కేంద్రమయింది. 1963 నవంబర్ 21న అక్కడినుంచి మొదటి రాకెట్ ఎగిరింది. సైకిల్ మీద రాకెట్ మూతి తీసుకపోతున్న ఫొటో బడిపిల్లలందరికి ఎరుకే. ఆ కథల చర్చి ఉంది, బిషప్పు ఉన్నడు, అందుకే అది కథ అయింది. యానాదులకు చర్చి లేదు, బిషప్పు లేడు.

నేను సైన్సుకు ఎదురు మాట్లాడుతున్ననని ఎవరన్న అనుకుంటె అనుకోండ్రి. అంబేద్కర్ సూటు ఏసుకున్నడు, మేం ఎందుకు గోచి దగ్గర ఆగాలె? రాకెట్ మాకు గావాలె. మా పిల్లలు ఎగరెయ్యాలె. నా బిడ్డ ఇంటర్ ఎంపీసీ చదువుతుండె అప్పుడు. గోడకు కల్పనా చావ్లా బొమ్మ అంటిచ్చుకున్నది. శ్రీహరికోటకు పోదాం నాయినా అన్నది తనే. అవ్వ, "నేను సచ్చేలోపు సముద్రం సూపెట్టు కొడుకా" అని ఎన్నడో అన్నది. రెండు కోరికలు ఒక్క తొవ్వల ఉన్నయి. మే నెల, బడికి సెలవులు. మంచిర్యాలల మద్రాసు బండెక్కి నెల్లూరుల దిగి, మైపాడు పోయినం.

అవ్వ చెప్పులిప్పి చేతవట్టుకొని ఇసుకల నిలబడ్డది. చానసేపు ఏం మాట్లాడలే. అలొచ్చి కాళ్లు తడిపితే ఒక అడుగు ఎన్కకేసింది. తర్వాత వంగి దోసిట్ల నీళ్లు తీసుకొని నాలికకు తాకిచ్చుకున్నది.

"తోలుకు పెట్టే ఉప్పు తీర్గనే ఉంది" అన్నది.

పచ్చితోలుకు ఉప్పు రుద్ది రుద్ది ఆమె చేతులు పగిలినయి. ఉప్పు ఎక్కడినుంచి వస్తదో డెబ్బై ఏండ్లు దాటినంక చూసింది. మల్ల అన్నది: "గిన్ని నీళ్లున్నయి. ఎవ్వలు ముట్టొద్దన్నా ఆగేటివి గావు." మా ఊరి బాయి కాడ ఆమె కుండ పట్టుకొని ఎన్నిసార్లు నిలబడ్డదో, ఎవరన్న వచ్చి పైనుంచి పోస్తరని ఎన్ని గడియలు చూసిందో నాకు ఎరుకే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాద్ చెరువుల దోసిలి ముంచి తాగిన ముచ్చట నేను ఎన్నో సభల చెప్పిన. ఆనాడు మా అవ్వ దోసిలి చూసినంక ఆ ముచ్చట నోట్లెకు రాలే, గొంతుల ఆగిపోయింది. చుట్టుపక్కల పిల్లలు గుర్రమెక్కుతున్నరు, మొక్కజొన్న కంకులు కొనుక్కుంటున్నరు. నా బిడ్డ నాన్నమ్మతోని సెల్ఫీ దిగింది. మేం గూడ అందరి లెక్కనే సెలవుకొచ్చిన జనం. అది నాకు మంచిగనే అనిపించింది, దాచుడెందుకు.

మే 28న సూళ్లూరుపేట చేరినం. అక్కడ చెంగాళమ్మ గుడి ఉంది. రాకెట్ లేవబోయే ముందు అంతరిక్ష సంస్థ పెద్దలు ఆ గుడికి పోవుడు ఆనవాయితి. చిన్న రాకెట్ బొమ్మ చేసి తిరుమలకు గూడ తీసుకపోతరు. దీనిమీద హేతువాద సంఘాల మిత్రులు కరపత్రాలు ఏసిండ్రు, వాళ్లు అడిగింది న్యాయమే. మా అవ్వ మాత్రం ఇంకో తీర్గ చూసింది. చెంగాళమ్మ గ్రామదేవత అని విని, "గింత సదువుకున్నోళ్లు గూడ ఆఖరుకు పోచమ్మ కాడికే రావట్టిరి" అని మురిసింది.

2019 నుంచి ప్రయోగం చూసేటందుకు లోపల గ్యాలరీ కట్టిండ్రు. ముందుగాల పేర్లు రాయించుకుంటె ఎవరైనా పోవచ్చు. అవ్వకు మోకాళ్లు. మెట్లు దిగుడు ఎక్కుడు ఆమెతోని కాదు. అందుకని సూళ్లూరుపేట నుంచి దీవికి పోయే తొవ్వ మీద, పులికాట్ ఒడ్డున నిలబడాలని అనుకున్నం. చలికాలం ఫ్లెమింగోలు వచ్చేది ఇక్కడికే. మే నెలల కొంగ లేదు, నీళ్లు లేవు. తెల్లగ ఉప్పు పేరుకున్న బీడు, కండ్లు చెదిరే ఎండ.

29 తారీకు పొద్దున తొమ్మిదికే జనం కూడిండ్రు. కార్లు, మోటరు సైకిళ్లు, కుల్ఫీ బండి. ఒక తుమ్మచెట్టు నీడల అవ్వను కూసోపెట్టినం. ఆ నీడల అప్పటికే ఒక నడీడు ఆడామె ఎండు రొయ్యల గంప పెట్టుకొని కూసున్నది. నేను "అవ్వా, నీళ్లు తాగుతవా" అని అడిగితే, ఆమె నా మొకం చూసి, "నీకు అవ్వా ఈమె? అమ్మ మాదిరిగా ఉండాదే" అన్నది. వాళ్ల దిక్కు అవ్వంటె అమ్మమ్మ, నాయనమ్మ. మా దిక్కు అవ్వంటె కన్నతల్లి. దానితోని మాట కలిసింది.

"మీరేమోళ్లు బిడ్డా?" అవ్వ సీదగ అడిగింది. ఈ ప్రశ్న మేం సభలల్ల అడగం, అడిగినోన్ని అనుమానంగ చూస్తం. మా అవ్వకు ఆ మర్మం లేదు.

"యానాదోళ్లమమ్మా. మీరు?"

"మేం మాదిగోళ్లం."

తర్వాత ఇద్దరికి ఎంత సులువయిందో! రొయ్యలు ఎట్ల ఎండబెడతరు, తోలు ఎట్ల ఊనుతరు, రెండిట్ల ఉప్పు ఎంత పడ్తది, కోడండ్లు ఎట్లుంటరు, అన్ని మాట్లాడుకున్నరు. దీవి ముచ్చట నేనే అడిగిన.

"మా మావ పుట్టింది దీవిలోనేనంట. గడ్డలు తవ్వుకునేవోళ్లంట, తేనె కొట్టేవోళ్లంట. ఆపీసర్లు వచ్చి చెప్పినారంట. ఇటు పక్క తెచ్చి దించినారంట. నేను చూడలా, మావ చెప్పేవోడు" అన్నది.

ఆ 'అంట' నా చెవిల పడి నిలిచింది.

రాకెట్ లేచేనాడు మీకు పనుంటదా అని అవ్వ అడిగింది. "సముద్రంలోకి పడవలు పోగూడదంట. మా వోళ్లు సముద్రం మీదికి కూలికి పోతారు. ఆ పొద్దు కూలి లేదు" అన్నది. అవ్వ నా దిక్కు చూసి, "దండోర ఏసిండ్రన్న మాట" అన్నది.

ఆమెకు దూపైంది. అవ్వ నీళ్ల సీసా ఇచ్చింది. ఆమె తీసుకొని, మొకం పైకెత్తి, సీసా నోటికి తాకకుండ పైనుంచి పోసుకోబోయింది. అవ్వ సీసా పట్టుకున్నది. "మూతి పెట్టి తాగు బిడ్డా, మాకేం గాదు" అన్నది. ఆమె ఒక గడియ ఆగింది. మూతిపెట్టి తాగింది. తాగి సీసా కొనను చీరకొంగుతోని తుడిచి ఇచ్చింది. అవ్వ ఆ సీసతోనే తాగింది.

లేవబోయేది జీఎస్ఎల్వీ-ఎఫ్12. ఎత్తు 51.7 మీటర్లు, బరువు 420 టన్నులు. ఒక పదిహేడంతస్తుల బంగ్ల లేచి పోయినట్టు లెక్క. దాని నెత్తిమీద 2,232 కిలోల ఎన్వీఎస్-01. ఎవరు ఎక్కడున్నరో, ఏ తొవ్వల పోవాలెనో చెప్పే ఉపగ్రహం. మన దేశం నావిక్ పేరుతోని పెట్టుకున్న ఏర్పాటు. నా బిడ్డ అంతా చదువుకొని వచ్చింది, నాన్నమ్మకు చెప్తున్నది. తొవ్వ చెప్పేది అసలు గడియారమే నాన్నమ్మా, సెకండుల పదిలక్షల వంతు తప్పితె జాగ 300 మీటర్లు తప్పుతది అని. 2013 జులైల పోయిన మొదటిదాన్ల బయటిదేశం నుంచి తెచ్చిన గడియారాలు మూడూ ఆగిపోయినయట. దీంట్ల మొదటిసారి అహ్మదాబాద్‌ల మనోళ్లే చేసిన రుబీడియం గడియారం పెట్టిండ్రట. 300 మీటర్లు అంటె నాకు వెంటనే మా ఊరు కండ్లల్ల మెదిలింది. ఊరికి, మా వాడకు నడుమ అంతే ఉంటది.

ఎవరిదో ఫోన్ల లెక్క వెనకకు నడుస్తున్నది. 10 గంటల 42 నిమిషాలు. ముందుగాల పక్కలకున్న నాలుగు ఇంజన్లు అంటుకుంటయి, అయిదు సెకండ్లకు నడుమది అంటుకుంటది. చెట్ల వరుస మీద ఒక పసుపుపచ్చ వెలుగు ఉబ్బింది. దాని మీదికెల్లి తెల్లటి మొద్దు పొగ. పొగ నెత్తిన నిప్పు. చప్పుడు లేదు. అంత పెద్ద మంట సప్పుడు లేకుండ లేస్తుంటె పానం ఎట్లనో అయింది. బిడ్డ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నది. చప్పుడుకు కిలోమీటరుకు మూడు సెకండ్లు పడ్తది. నిప్పు ఎంతో మీదికి పోయినంక వచ్చింది సప్పుడు. ముందుగాల కాళ్ల కింది ఉప్పుపెంక వణికింది, తర్వాత రొమ్ము అదిరింది. వెయ్యి డప్పులు ఒక్కసారి అందుకున్నట్టు. అవ్వ చెవులు మూసుకోలే. కండ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తనే ఉంది. జనం కేకలు, ఈలలు, చప్పట్లు. నేను గూడ చప్పట్లు కొట్టిన. కారు దిగిన ఆఫీసరు సారు, కుల్ఫీ పిలగాడు, పోలీసాయన, యానాది ఆడామె, అందరిదీ ఒకే ఎత్తుకు లేచిన మొకం.

"ఇంత దూరం ఎందుకు నిలవెట్టిండ్రు?" అడిగింది అవ్వ.

"దగ్గరికి పోతె కాలిపోతరు నాన్నమ్మా. పెద్ద సైంటిస్టులు గూడ దూరంగనే ఉంటరు."

"దూరం నిలవడుడు మనకు అలవాటే. ఆళ్లకు గూడ అలవాటు గావాలె" అన్నది అవ్వ. యానాది ఆడామె కిసుక్కున నవ్వింది. పోయేముందు ఒక పావు రొయ్యలు తూచి, ఇంకో పిడికెడు కొసరు పోసింది.

19 నిమిషాలకు ఉపగ్రహం విడిపోయిందని, గెలిచిందని ఫోన్లల్ల వచ్చింది. బిడ్డ ఎగిరి దుంకింది. సూళ్లూరుపేట స్టేషన్ల బండి కోసం కూసున్నప్పుడు, "నాకు అండ్ల నౌకరి వస్తదా నాయినా" అని అడిగింది. ఏం చెప్పాలె? ఉన్నది చెప్పిన. కేంద్రంల పరిశోధన నడిపించే పెద్ద శాస్త్రవేత్తల పోస్టులల్ల కొన్నిటికి రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఉంది. 1975 నుంచి ఉన్న ఆదేశం అది. దేశంల ఎక్కడన్న ఒక చోట మాకు వాటా లేకపోతె, ఆ చోటు పెద్దదే అయి ఉంటది. "అయితె కింది పోస్టునుంచి ఎక్కుత" అన్నది. 2022 ఆగస్టు 7న చిన్న రాకెట్ మొదటిసారి లేచినప్పుడు, దాంట్ల 75 సర్కారు బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి చేసిన ఆజాదీశాట్ పోయింది. కక్ష్య తప్పి పోయింది. 2023 ఫిబ్రవరి 10న రెండోది పంపితె నిలిచింది. అది నాకు చెప్పింది గూడ నా బిడ్డనే. ఆ పిల్లలు సర్కారు బడి పిల్లలు, మనోళ్లే ఎక్కువ ఉంటరు నాయినా అన్నది.

రాత్రి బండి విజయవాడ దాటినంక అవ్వకు నిద్ర రాలే. బిడ్డ ఫోన్ల మ్యాపు తీసి మా ఊరు చూపెట్టింది. బస్ స్టాండు ఉంది. హనుమాండ్ల గుడి ఉంది. పాత గడీ ఉంది, దాని కింద బొమ్మ గూడ ఉంది. చెరువు నీలంగ ఉంది. చెరువుకట్ట కింద ఏం లేదు, ఉత్త పచ్చ.

"గిక్కడ మనిల్లు" అని అవ్వ వేలు పెట్టింది. వేలు పెడితే మ్యాపు జరిగింది. మల్ల సర్ది పెట్టింది. "గిది మీ తాత ఊనిన లంద. గిది చింతచెట్టు. గీడికెల్లి నలభై ఇండ్లు."

బిడ్డ ఆ జాగల గుర్తు పెట్టింది. పేరు రాయాలె. "ఎస్సీ కాలనీ అని రాస్త" అన్నది. మా సహచరి, "అంబేద్కర్ నగర్ అని రాయి బిడ్డా, మంచిగుంటది" అన్నది. నేనేం అనలే. ఇద్దరూ అవ్వ దిక్కు చూసిండ్రు.

"మేం ఏమంటం దాన్ని? మాదిగవాడ అంటం. గదే రాయి" అన్నది అవ్వ.

బిడ్డ టైపు చేసింది. పంపుతుంటె సిగ్నల్ పోయింది. "ఖమ్మం దాటినంక వస్తది నాన్నమ్మా" అని ఫోన్ చేతుల పట్టుకొనే కూసున్నది.